జబ్బు సంగతి బయటికి చెప్పే ఘట్టం: గ్రాఫిక్ నవలల్లో మీకు గుర్తుండిపోయింది ఏది?

రేఖాచిత్రం
నమస్తే అందరికీ. ఫ్రెడరిక్ పీటర్స్ గీసిన 'బ్లూ పిల్స్' అనే బొమ్మల నవల ఈ వారం మళ్లీ చదివాను. ఆయన స్విట్జర్లాండ్ చిత్రకారుడు. పుస్తకం 2001లో ఫ్రెంచ్‌లో వచ్చింది, తర్వాత ఇంగ్లీషులోకి వెళ్లింది. ఇది ఆయన సొంత కథ. కాటి అనే అమ్మాయితో పరిచయం పెరిగి ఇష్టం దాకా వస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం ఆమె విషయం చెప్పేస్తుంది. తనకు హెచ్‌ఐవీ ఉంది, తన చిన్న కొడుక్కీ ఉంది.

ఈ ఘట్టం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. సినిమాలో అయితే మనకేం అనిపించాలో నేపథ్య సంగీతమే చెప్పేస్తుంది, రెండు నిమిషాల్లో సీను దాటిపోతుంది. బొమ్మల్లో అలా కాదు. ఆమె ముఖం ఉన్న గడి మీద ఎంతసేపు ఉండాలన్నది మన ఇష్టం. తర్వాతి గడిలో అతని ముఖం ఉంది. అటు వెళ్లాలంటే భయం వేస్తుంది.

కాటి ఎప్పుడు చెప్పిందో చూడండి. బంధం ఇంకా గట్టిపడలేదు. అతను లేచి వెళ్లిపోయినా ఎవరూ తప్పుపట్టలేని సమయం అది. అప్పుడే చెప్పింది. నా దృష్టిలో ఆ పుస్తకంలోని ధైర్యమంతా ఆ ఒక్క నిర్ణయంలోనే ఉంది.

మీకు ఇలా గుర్తుండిపోయిన పుస్తకం ఉంటే రాయండి. క్యాన్సర్, మూర్ఛ, మానసిక సమస్య, ఏదైనా సరే.

కృష్ణలంక_శ్రీను
రేఖ గారూ, నాకు వెంటనే గుర్తొచ్చింది ఎవరూ ఏమీ చెప్పని పుస్తకం. డేవిడ్ స్మాల్ రాసిన 'స్టిచెస్', 2009లో వచ్చింది.

డెట్రాయిట్, 1950ల నాటి ఇల్లు. తండ్రి రేడియాలజిస్టు. చిన్నప్పుడు కొడుక్కి ఊపిరాడని ఇబ్బంది ఉంటే, ఆ రోజుల పద్ధతి ప్రకారం మళ్లీ మళ్లీ ఎక్స్‌రేలు పెట్టాడు. పిల్లవాడికి 11 ఏళ్లప్పుడు మెడ మీద గడ్డ కనిపిస్తుంది. ఏళ్ల తరబడి పట్టించుకోరు. 14 ఏళ్లకు ఆపరేషన్. నిద్ర లేచేసరికి గొంతు మీద పెద్ద కుట్లు, ఒక స్వరతంత్రి లేదు, మాట లేదు. అది క్యాన్సర్ అని ఇంట్లో ఎవరూ చెప్పరు. తల్లి రాసుకున్న ఉత్తరం ఒకటి కంటపడి తనంతట తనే తెలుసుకుంటాడు.

తర్వాత ఒకరోజు తండ్రి చెబుతాడు, నీకు క్యాన్సర్ రావడానికి కారణం నేనేనని. బయటపెట్టడం గురించి ఇంతకన్నా బరువైన పేజీ నేను చదవలేదు. కానీ ఆ తండ్రి చేసినదాన్ని ధైర్యం అనడానికి నాకు మనసొప్పదు. అంత ఆలస్యంగా చెప్పిన మాటతో ఆయన బరువు దిగింది, పిల్లవాడి నెత్తిన పడింది.

ఇంకో సంగతి. మానసిక వైద్యుడు ఈ అబ్బాయితో మొదటిసారి నిజం మాట్లాడిన చోట స్మాల్ పేజీల కొద్దీ వాన గీశాడు. ఒక్క మాట లేదు. వీధులు, పైకప్పులు, కిటికీలు, వాన. ఇంట్లో ఎన్నేళ్ల మౌనం ఉందో నాకు అక్కడ అర్థమైంది.

మన ఇళ్లల్లో 'నాన్నకి చెప్పొద్దు, తట్టుకోలేడు' అని రిపోర్టులు బీరువాలో దాచేవాళ్లు ఈ పుస్తకం ఒకసారి చదవాలి.

కౌన్సెలర్_నెల్లూరు
చాలా మంచి చర్చ. నేను హెచ్‌ఐవీ పరీక్షల కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేస్తాను. రోజూ చూసేది ఇదే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకండి.

పుస్తకాల్లో చెప్పడం ఒక ఘట్టం. బయట అది ఒక్కసారితో తీరేది కాదు. భర్తకి చెప్పాలి. తర్వాత అత్తగారికా, వద్దా? పళ్ల డాక్టరుకి? పిల్లవాడు పెద్దయ్యాక వాడికి? ఉద్యోగంలో నెలకోసారి సెలవెందుకు పెడుతున్నావంటే? ప్రతిసారీ మొదటిసారి లాగే గుండె దడదడలాడుతుంది. ఒకాయన నాతో అన్నారు, 'మేడం, మందు రోజుకొక మాత్ర, మింగేస్తా. ఈ చెప్పడానికి మాత్ర ఉంటే ఇవ్వండి' అని.

ఈ సంగతి పట్టుకున్న పుస్తకం జడ్ వినిక్ రాసి గీసిన 'పెడ్రో అండ్ మీ' (2000). పెడ్రో జమోరా క్యూబాలో పుట్టి 1980లో పడవల వలసలో మయామీకి వచ్చిన కుర్రాడు. 17 ఏళ్లకే హెచ్‌ఐవీ అని తెలిసింది. అప్పట్నుంచీ బడులకు వెళ్లి పిల్లలకు చెప్పడమే పనిగా పెట్టుకున్నాడు. 1994లో ఎంటీవీలో వచ్చిన 'ద రియల్ వరల్డ్' కార్యక్రమం కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో కొత్తవాళ్లతో కలిసి ఒకే ఇంట్లో ఉన్నాడు. తన అవగాహన పనికి సంబంధించిన స్క్రాప్‌బుక్ చూపించి ఇంట్లోవాళ్లకు సంగతి చెప్పాడు. కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి. అంటే దేశం మొత్తానికి చెప్పినట్టే. ఆ నవంబరు 11న చనిపోయాడు. 22 ఏళ్లు.

వినిక్ అతని రూమ్మేట్. ఇంట్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉంటుందని ముందే తెలిసి తనకెంత భయం వేసిందో దాచకుండా గీశాడు. తనను తాను ఉదారవాదిని అనుకునే మనిషి, అయినా భయపడ్డాడు. నా దగ్గరికి వచ్చే కుటుంబాలకు నేను చెప్పాలనుకునేది అదే. మీకు భయం వేయడం తప్పు కాదు, ఆ భయంతో ఏం చేస్తారన్నదే లెక్క. పెడ్రో మంచం పట్టాక అతను ఒప్పుకున్న ఉపన్యాసాలకు వినిక్ తానే వెళ్లాడు.

ఆస్టిన్_రమణ
నేను 'క్యాన్సర్ విక్సెన్' గురించి చెబుతాను. మరీసా అకోచెల్లా మార్కెట్టో, న్యూయార్క్ కార్టూనిస్టు, 2006 పుస్తకం. పెళ్లికి మూడు వారాల ముందు రొమ్ములో గడ్డ. ఇక్కడుండే మనవాళ్లకు బాగా తగిలే సంగతి ఇంకొకటుంది. ఆ సమయానికి ఆమె ఆరోగ్య బీమా రద్దయిపోయి ఉంది. అమెరికాలో జబ్బు సంగతి చెప్పడమంటే ఖర్చు సంగతి చెప్పడం కూడా. కాబోయే భర్తకు 'నాకు క్యాన్సర్' అనడం ఒక ఎత్తు, 'నాకు ఇన్సూరెన్స్ లేదు' అనడం ఇంకో ఎత్తు. రెండూ ఆ పుస్తకంలో ఉన్నాయి.

రంగులతో, ఫ్యాషన్‌తో, హుషారుగా ఉంటుంది. బ్లూ పిల్స్ నలుపు తెలుపుల తర్వాత ఇది చదివితే వేరే లోకం. కానీ టెన్షన్ అదే.

ఓరుగల్లు_చిన్నా
అందరూ మంచి పుస్తకాలే చెప్పారు. నాకు మాత్రం ఒక అభ్యంతరం ఉంది, కొంచెం గట్టిగానే చెబుతున్నాను.

చెప్పినవాళ్లను ధైర్యవంతులంటున్నాం. అయితే చెప్పనివాళ్లు పిరికివాళ్లా? మా బంధువుల్లో ఒకావిడ రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం చేయించుకుని, నయమై, ఇరవై ఏళ్లుగా బాగుంది. ఊళ్లో ఎవరికీ తెలీదు. ఆమె చెప్పలేదు. ఎందుకంటే ఇద్దరు ఆడపిల్లలు. 'తల్లికి ఉందంటే పిల్లలకీ వస్తుంది' అని సంబంధాలు వెనక్కిపోతాయని. హైదరాబాద్‌లో కీమో చేయించుకుంటూ, ఊళ్లో మాత్రం మోకాళ్ల వైద్యం అని చెప్పుకుంది. విగ్గు పెట్టుకుని పెళ్లిళ్లకు వచ్చి వడ్డన చేసింది. ఆమెది ధైర్యం కాదంటారా?

ఈ పుస్తకాలన్నీ రాసినవాళ్లు చిత్రకారులు. చెప్పుకోవడమే వాళ్ల వృత్తి. జెనీవాలో, న్యూయార్క్‌లో ఒక మనిషి జబ్బు ఆ మనిషిదే. మా దగ్గర అది ఇంటిపేరుకి అంటుకుంటుంది. చెప్పినవాళ్లనే పొగుడుతూ పోతే, చెప్పలేని వాళ్ల మీద ఇంకో బరువు పెట్టినట్టు అవుతుంది.

రేఖాచిత్రం
చిన్నా గారూ, మీ అభ్యంతరం న్యాయమైనదే. ఆ వడ్డన చేసిన ఆవిడ గురించి ఎవరైనా బొమ్మల కథ గీస్తే నేను మొదటి పాఠకురాలిని.

ఒక్క మాట మాత్రం. మీ బంధువు ఎవరికీ చెప్పలేదన్నారు, కానీ ఎవరో ఒకరికి చెప్పే ఉంటారు కదా. హైదరాబాద్‌కి తోడు వెళ్లినవాళ్లు, విగ్గు కొనిపెట్టినవాళ్లు. ఈ పుస్తకాల్లో నన్ను కదిలించేది ఊరంతటికీ చాటడం కాదు. ఆ మొదటి మనిషిని ఎంచుకోవడం. కాటి కూడా ఊరికి చెప్పలేదు, ఒక్కరికి చెప్పింది.

కౌన్సెలర్_నెల్లూరు
చిన్నా గారి మాటకు చట్టం కూడా తోడుంది. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉన్న మనిషిని ఆ సంగతి బయటపెట్టమని ఎవరూ బలవంతం చేయకూడదు. వాళ్ల అనుమతి లేకుండా ఆసుపత్రి వాళ్లు ఇంకొకరికి చెప్పకూడదు. కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. ఉద్యోగంలో వివక్ష చూపడాన్నీ ఆ చట్టం నిషేధించింది. కాబట్టి చెప్పడం పూర్తిగా ఆ మనిషి హక్కు.

భార్యాభర్తల మధ్య మాత్రం వేరు. ఎదుటి మనిషి ఆరోగ్యం కూడా అందులో ఉంది కదా. అక్కడ మేము పక్కన కూర్చుని, ఇద్దరినీ పిలిచి, చెప్పడానికి సాయం చేస్తాం.

బ్లూ పిల్స్ ఇప్పుడు చదివేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అందులో కండోమ్ చిరిగి ఇద్దరూ కంగారుగా డాక్టరు దగ్గరికి పరుగెడతారు. ఆయన అంటాడు, ఇక్కణ్నుంచి బయటికెళ్లగానే తెల్ల ఖడ్గమృగం ఎదురయ్యేంత అవకాశమే ఉంది నీకు జబ్బు అంటుకోవడానికి అని. 2001 పుస్తకంలో డాక్టరు అంత ధీమాగా మాట్లాడటం చాలామందికి వింతగా అనిపించి ఉండాలి. 2008లో అదే స్విట్జర్లాండ్ ఎయిడ్స్ కమిషన్ ప్రకటించింది, మందులు సరిగ్గా వాడుతూ రక్తంలో వైరస్ కనిపించనంత తగ్గితే, ఇతర సుఖవ్యాధులు లేకపోతే, కలయిక ద్వారా అంటుకోదని. 2016లో 'పార్ట్‌నర్' అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి ఒకరికి లేని జంటలు, కండోమ్ లేని కలయికలు సుమారు 58,000. మందులు వాడుతున్న భాగస్వామి నుంచి అంటుకున్న సందర్భం ఒక్కటీ లేదు.

కాటి చెప్పిన రోజున ఇదంతా ఆమెకు ఇంత గట్టిగా తెలిసే వీలు లేదు. అందుకే ఆమె ధైర్యం నాకు ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. మన దేశంలో ప్రభుత్వం ఏఆర్టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, ఉచితంగా ఇవ్వడం మొదలైందే 2004 ఏప్రిల్‌లో.

మణికొండ_వాణి
చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మా అమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్. అప్పుడు ఒక స్నేహితురాలు ఇచ్చిన పుస్తకం బ్రయాన్ ఫీస్ 'మామ్స్ క్యాన్సర్'.

ఇది 2004లో ఇంటర్నెట్‌లో మొదలైంది. రాసినాయన పేరు పెట్టుకోలేదు, కుటుంబం గోప్యత కోసం. అయినా మనుషులు ఒకరికొకరు పంపుకుంటూ చదివారు. 2005లో కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ పురస్కారం వచ్చింది, డిజిటల్ కామిక్ విభాగంలో అదే మొదటిది. 2006లో పుస్తకమైంది. ఈలోపు ఫీస్ తల్లి చనిపోయింది.

శ్రీను గారు చెప్పిన బీరువా మా ఇంట్లో కూడా ఉండేది. అమ్మకు చెప్పొద్దని పెద్దవాళ్లంతా ఒక మాట మీద ఉన్నారు. నేను, తమ్ముడు ఆమె ముందు నవ్వుతూ, వంటింట్లో ఏడుస్తూ తిరిగాం. చివరికి అమ్మే అడిగింది, 'ఇన్ని పరీక్షలు ఊరికే చేయరు కదే, నాకేం వచ్చిందో చెప్పు' అని. అప్పుడు చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని కాసేపు ఉండి, బ్యాంకు పాస్‌బుక్ తెమ్మంది. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఏ నగ ఎవరిదో అన్నీ చెప్పింది. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య మాటలు మళ్లీ మామూలయ్యాయి. చెప్పకుండా ఉండి ఉంటే ఆ మాటలు నాకు దక్కేవి కావు.

ఫీస్ పుస్తకంలో నాకు నచ్చింది, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మంచిగా మాత్రమే కనిపించరు. జబ్బు వచ్చిన ఇంట్లో అందరూ తమకు తోచిన సాయం చేస్తూ ఒకరినొకరు ఢీకొంటారు. వాళ్లను సూపర్‌హీరోలుగా గీసి, తమ శక్తులతో తామే కొట్టుకుంటున్నట్టు చూపించాడు. మా మేనమామలు, పిన్నులు అచ్చం అంతే.

కృష్ణలంక_శ్రీను
వాణి గారూ, రాసినందుకు చాలా కృతజ్ఞతలు.

మీరు గోప్యత మాట ఎత్తారు కాబట్టి నా మనసులో ఉన్న ప్రశ్న అడుగుతాను. బ్లూ పిల్స్‌లో కాటి ఒక్కరికి చెప్పింది అన్నారు రేఖ గారు. ఆ ఒక్కరు పుస్తకం వేశారు! ఆమె ఒప్పుకునే ఉంటుంది, కాదనను. కానీ ఆ పిల్లవాడు? మూడు నాలుగేళ్ల వాడి జబ్బు లోకమంతా చదివింది. వాడిని ఎవరు అడిగారు?

రేఖాచిత్రం
ఈ ప్రశ్న నన్నూ వదల్లేదు. 2013లో వచ్చిన కొత్త కూర్పులో పీటర్స్ కొన్ని పేజీలు చేర్చాడు, ఏళ్లు గడిచాక అదే కుటుంబం ఎలా ఉందో చూపిస్తూ. పిల్లవాడు పెద్దవాడయ్యాడు, అతనికీ మాట ఉంది. అది మీ ప్రశ్నకు పూర్తి జవాబు కాదు. కానీ పెద్దయ్యాక అతని మాట కూడా అదే పుస్తకంలోకి రావాలని రచయితకు అనిపించింది కదా. ఎదుటివారి జబ్బు గురించి రాసేవాళ్లంతా కనీసం అంత పని చేయాలి.

పేరు_వద్దు
క్షమించాలి, చర్చ మధ్యలో నా సొంత విషయం. మాది ఏలూరు దగ్గర. నాకు కాలేజీ రోజుల నుంచి ఫిట్స్. మందులు వాడుతున్నాను, రెండేళ్లుగా రాలేదు. అమ్మానాన్నలకు తప్ప ఎవరికీ తెలీదు, మా అన్నయ్యకు కూడా. ఆయన నాకు సంబంధం చూస్తున్నారు. అమ్మాయి వాళ్లకు చెప్పాలని నాకుంది. నాన్న వద్దంటున్నారు. ముందు అన్నయ్యకు చెప్పి ఆయన్ని నావైపు తిప్పుకోవాలి. అన్నయ్య బాగా చదువుతారు. ఇవ్వడానికి ఏదైనా పుస్తకం ఉందా?

రేఖాచిత్రం
ఉందండి. డేవిడ్ బి. అనే ఫ్రెంచ్ చిత్రకారుడి 'ఎపిలెప్టిక్'. 1996 నుంచి 2003 దాకా ఆరు భాగాలుగా వచ్చింది. మూర్ఛ ఉన్నది ఆయన అన్నకు, రాసింది తమ్ముడు. జబ్బును ఇంట్లోకి దూరి మెలికలు తిరిగే పాములాంటి పెద్ద జంతువుగా గీశాడు. అన్న కోసం తల్లిదండ్రులు పథ్యాలని, అందరూ కలిసి బతికే కమ్యూన్లని, ఆత్మలతో మాట్లాడేవాళ్లని ఎన్ని గుమ్మాలు ఎక్కారో చూస్తే మన ఊళ్లు గుర్తొస్తాయి. తాయెత్తులు, ఉల్లిపాయ వాసన, చేతిలో తాళంచెవి.

అయితే అది బాధాకరమైన పుస్తకం, ఆ అన్నకు జబ్బు అదుపులోకి రాదు. మీ పరిస్థితి అది కాదు. మొదటిసారి సంగతి తెలుసుకునే మనిషికి అది ఇస్తే భయం పెరుగుతుందేమో. నేనైతే ఎలెన్ ఫోర్నీ 'మార్బుల్స్' (2012) ఇస్తాను. అది బైపోలార్ గురించి, అంటే మనసు మితిమీరిన హుషారుకీ కుంగుబాటుకీ మధ్య ఊగే జబ్బు, ఫిట్స్ గురించి కాదు. కానీ ఒక మనిషి తన జబ్బును అర్థం చేసుకుని, మందులు కుదుర్చుకుని, పని చేసుకుంటూ బతకడం అందులో ఉంది.

ఓరుగల్లు_చిన్నా
తమ్ముడూ, చెప్పకపోయినా ధైర్యమేనని పైన వాదించింది నేనే. ఆ మాట మీదే ఉన్నాను. కానీ అది ఊరి సంగతి. పెళ్లి చేసుకోబోయే అమ్మాయి ఊరు కాదు. ఆమెకు చెప్పాలన్న నీ ఆలోచన సరైనది. మీ నాన్న భయం కూడా అర్థం చేసుకో, ఆయనతో గొడవ పెట్టుకోకు. అన్నయ్యను ముందు కలుపుకోవడం మంచి పద్ధతి.

ఆస్టిన్_రమణ
ఒక చట్టం సంగతి. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ ఉన్నవాళ్ల పెళ్లికి ఒకప్పుడు అడ్డంకి ఉండేది. 1999 సవరణతో మూర్ఛ అన్న మాట తీసేశారు. అంటే చట్టప్రకారం పెళ్లికి ఏ అడ్డూ లేదు. పెద్దవాళ్లలో కొందరికి ఆ పాత మాట ఇంకా చెవిలో ఉంటుంది, మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

మణికొండ_వాణి
పుస్తకం ముందు ఇచ్చి, మాట తర్వాత చెప్పకండి. పుస్తకం చదువుతూ ఆయన ఎందుకిచ్చాడా అని ఏవేవో ఊహించుకుంటారు. ముందు నోటితో చెప్పండి, తర్వాత పుస్తకం ఇవ్వండి. అమ్మ దగ్గర నాకు తెలిసింది ఇదే, మనిషికి సగం తెలిసినప్పుడే కంగారెక్కువ.

పేరు_వద్దు
అందరికీ చాలా థ్యాంక్స్. ఇంతమందికి ఒకేసారి చెప్పడం నాకు ఇదే మొదలు, పేరు లేకపోయినా సరే. అన్నయ్య శనివారం వస్తున్నారు. వాణి గారు చెప్పినట్టే చేస్తాను.

కౌన్సెలర్_నెల్లూరు
మంచిది నాయనా. మా అనుభవం నుంచి కొన్ని పనికొచ్చే మాటలు. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు కాకుండా ఇద్దరే ఉన్నప్పుడు చెప్పు. డాక్టరు చీటీ, చివరిసారి చేసిన ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) రిపోర్టు దగ్గర పెట్టుకో. అన్నయ్య మొదట అడిగేది 'నాకెందుకు చెప్పలేదు' అనే. దానికి జవాబు ముందే ఆలోచించుకో, మిగతావన్నీ డాక్టరు చెప్పగలరు, అది ఒక్కటే నువ్వు చెప్పాలి. బండి నడపడం, పిల్లలకు వస్తుందా లాంటి ప్రశ్నలు వస్తే తెలిసినంతే చెప్పి, ఇద్దరూ కలిసి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. అన్నయ్య కోపంగా లేచి వెళ్లిపోయినా అదే చివరి మాట అనుకోకు. చాలామంది రెండోరోజు వచ్చి మాట్లాడతారు. సంబంధం వాళ్లకు చెప్పే రోజు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకో.

సోమవారం వీలైతే ఇక్కడ రెండు ముక్కలు రాయి. మేమంతా చూస్తుంటాం.